మూడు పొద్దులు గట్టు మీద

గట్టుకి వెళ్ళాలంటే ఆటు చూసుకుని బయల్దేరాలి. పోటు మీద వెళ్తే సముద్రం పడవని తీసుకెళ్ళి రాయికేసి కొడుతుంది, దానికి మొహమాటం లేదు. భీమిలి దాటి ఉత్తరానికి పోతే పెదరేవుపాలెం వస్తుంది. ఆ ఊరికెదురుగా, ఒడ్డుకి మైలు దూరంలో, నీళ్ళలోంచి నిటారుగా లేచిన రాయి ఉంది. రెండు తాటిచెట్ల ఎత్తుంటుంది. ఒకప్పుడు ఒడ్డునున్న కొండలో ముక్కే. మధ్యలో మట్టంతా కెరటాలు తినేసి దాన్ని ఒంటరిని చేసి వదిలేశాయి. ప్రభుత్వం వారి పటంలో దానికేదో నంబరుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం గట్టు అంటారు. ఒడ్డుని ఒడ్డే అంటారు, రేవుని రేవే అంటారు. గట్టు అంటే మాత్రం ఆ రాయి ఒక్కటే, ఇంకోటి లేదు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక ఉదయం పైడమ్మ గట్టు మీద అడుగుపెట్టేసరికి నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. రాయి మొదట్లో ఉన్న అరుగు బయటపడింది. అరుగు నిండా చిన్నా పెద్దా నీటిగుంటలు. ఒకదాంట్లో నల్లటి ముళ్ళకాయల్లాంటి జీవులు రాతికి అతుక్కున్నాయి, ఇంకోదాంట్లో పువ్వులా విచ్చుకున్నది ఒకటి, నీడ పడగానే ముడుచుకుపోయింది. గవ్వలు కాళ్ళొచ్చి నడుస్తున్నాయి, లోపల ఎండ్రకాయలు కాపురం పెట్టాయి మరి. పైన రాతి అంచుల మీద సముద్రపు పిట్టలు, వేల కొద్దీ. తెల్ల పొట్టా నల్ల వీపూ చీలిన తోకా. గుడ్లు పెట్టిన కాలంలో వాటికి మనిషి కనబడకూడదు, నెత్తిమీద పొడుస్తాయి. అందుకని పైడమ్మ అమ్మ దగ్గర్నుంచి చేపల గంప తెచ్చుకుని నెత్తిన బోర్లించుకుంది. వెనకే వచ్చిన డాక్టర్ ఉమాసుందరి తలకి మోటారు సైకిలు హెల్మెట్ ఉంది. ఇద్దర్నీ చూసి పడవలో కూర్చున్న దానయ్య కడుపుబ్బ నవ్వాడు. దానయ్య పైడమ్మ తండ్రి.

పైడమ్మ ఆ ఊరి జాలారి పిల్ల. కాకినాడ హాస్టల్లో మూడేళ్ళుండి జంతుశాస్త్రం చదువుకుని, ఉమాసుందరిగారి పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరింది. గూళ్ళు లెక్కపెట్టడం, పిట్టల కాళ్ళకి రింగులు తొడగడం, అంకెలు రాయడం ఆమె పని. ఆ రోజు నలభై ఒకటో నంబరు పిట్ట కోసం వెతికి, దొరికేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది నెలలు ఏ దేశాల నీళ్ళమీదో తిరిగి, తిన్నగా వచ్చి, పోయినేడు కూచున్న అంచు మీదే, అదే జానెడు చోట్లో కూచుంది. వరసగా నాలుగో ఏడు.

"ఎలా వస్తుందో ఇన్నాళ్ళూ అడిగాం. ఇక అడగక్కర్లేదు పైడీ," అంది డాక్టర్.

నిజమే, ఆవిడ కనిపెట్టేసింది. పిట్టలు గూటికొచ్చే కాలంలో వాటి ఒంట్లో ఊరే ఒక పదార్థాన్ని వేరుచేసి, మనిషికి పనికొచ్చేలా ముక్కులో వేసే చుక్కలుగా మార్చింది. చుక్కలు వేసుకున్న మూడు రోజుల్లో మనిషి ఎక్కడుంటే ఆ చోటు ఒంటికి పట్టేస్తుంది. ఆ తర్వాత ఎంత పొగమంచైనా, ఎంత తుఫానైనా ఆ చోటు ఏ వైపుందో ఒళ్ళే చెబుతుంది. భూమికున్న అయస్కాంతాన్ని ఒళ్ళు పసిగడుతుందని డాక్టర్ అంచనా. ఊరివాళ్ళు దానికి తోవమందని పేరు పెట్టుకున్నారు. కేంద్రంలో కుందేళ్ళ మీదా కోతుల మీదా చూశారు, ఏ హానీ కనబడలేదు. అనుమతులన్నీ వచ్చాయి. మొదటి మనిషి కావాలి.

దానయ్య తనే ముందుకొచ్చాడు. ఎవరూ అడగలేదు. ఆరేళ్ళ కిందట అతని అన్న ముత్యాలు మంచులో తోవ తప్పాడు. చేతిలో దిక్కు చూపే పరికరం ఉంది గాని నీళ్ళు తగిలి చచ్చింది. తర్వాత పడవ దొరికింది. ఒడ్డుకి రెండు మైళ్ళ దూరంలోనే ఉంది, ఇటు కాక అటు పోయాడు పాపం. మనిషి దొరకలేదు. మంచిరోజు చూసి మందెయ్యండని డాక్టరుతో చెప్పి సంతకం పెట్టేశాడు.

మందు వేసుకున్న మనిషికి ఇవ్వాల్సిన సూచనల కాగితం తెలుగులో ఉండాలని నియమం. డాక్టర్ చెబుతుంటే పైడమ్మ రాసింది. ఉమాసుందరిది కోనసీమ, కాలవల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మందు పట్టే మూడు రోజులూ దానయ్య సముద్రంలోకి వెళ్ళకుండా ఊళ్ళో, ఇంట్లో ఉండాలి, అంతే. పుస్తకాల భాషలో రాస్తే వాళ్ళకి అర్థం కాదని, నలుగురూ మాట్లాడుకునేలా ఉండాలని ఆవిడ ఆలోచించి ఆలోచించి ఒక వాక్యం చెప్పింది. 'మూడు పొద్దులు గట్టు వదలకండి.'

పైడమ్మ రాసేసింది. రాసేటప్పుడు ఆమెకి ఏమీ అనిపించలేదు. కాకినాడలో కాలవ గట్టు మీద నడిచే కాలేజీకి వెళ్ళేది. చెరువుకి గట్టుంటుంది, చేనుకి గట్టుంటుంది, సముద్రానికి మాత్రం ఎందుకుండకూడదు? పైగా పెద్ద డాక్టరు నోట పొద్దులనీ గట్టనీ వినడం ముచ్చటేసింది కూడా.

మందు వేసింది ఊళ్ళోనే, దానయ్య వాకిట్లోనే. డాక్టర్ రెండు ముక్కుపుటాల్లోనూ మూడేసి చుక్కలు వేసి, నాడి చూసి, రక్తం తీసింది. రక్తం సీసాలు చల్లగా ఉండగానే నగరంలోని ప్రయోగశాలకి చేరాలి. అందుకని జీపు ఇంజను ఆపకుండానే పైడమ్మ కాగితం గడగడా చదివేసింది. దానయ్య శ్రద్ధగా విని తలూపాడు. అతని భార్య కొర్లమ్మ మాత్రం ఏదో అడగబోయింది. అమ్మా, వచ్చాక చెప్తానంటూ పైడమ్మ జీపెక్కేసింది. అలా వెళ్ళినవాళ్ళిద్దరూ నాలుగో రోజుకి గాని తిరిగిరాలేదు.

కొర్లమ్మ అడగబోయింది ఇదీ. గట్టు మీద నీడ లేదు, మంచినీళ్ళు లేవు, అన్నం ఎలాగ అని. అడిగే వీలు లేకపోయింది కాబట్టి తనే ఆలోచించుకుంది. రెండు డబ్బాల నీళ్ళు, చద్దన్నం, అంబలి, టార్పాలిన్ ముక్క పడవలో పెట్టింది. పెద్దవాళ్ళు చెప్పారు, మందుకి పత్యం ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అనుకుంది. దానయ్య మూడు పొద్దులూ మూడు రాత్రిళ్ళూ గట్టు మీద, పిట్టల అరుపుల మధ్య, రెట్టల మీద పడుకుని, చెప్పినమాట తప్పకుండా కదలకుండా ఉన్నాడు. నాలుగో పొద్దున వచ్చి స్నానం చేసి, పడవ కడుక్కుని, వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. డాక్టరొచ్చి 'గట్టు వదల్లేదు కదా?' అని అడిగింది. వదల్లేదమ్మా అన్నాడు. ఆవిడ పుస్తకంలో టిక్కు పెట్టుకుంది.

వారం తర్వాత తెల్లవారుతూనే పరీక్ష పెట్టారు. దానయ్య కళ్ళకి గంతలు కట్టి, మరబోటులో పన్నెండు మైళ్ళు లోపలికి తీసుకెళ్ళి, బోటుని ముమ్మారు గిర్రున తిప్పి, ఇల్లెటుందో చూపించమన్నారు. ఒడ్డు గాలి చల్లగా వీస్తోంది. దానయ్య మొహం పైకెత్తి ఒక్క క్షణం ఆగి చెయ్యి చాచాడు. దిక్సూచి పెట్టి చూస్తే ఊరు సరిగ్గా అక్కడే. పదిసార్లు తిప్పారు, పదిసార్లూ అదే. డాక్టర్ ఉమాసుందరి, ఎప్పుడూ పెద్దగా నవ్వని మనిషి, బోటులో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పైడమ్మకి పెదనాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంత దూరం నుంచి చూస్తే గట్టూ ఊరూ ఒకే వరసలో ఉంటాయన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో సంగతి వేరుగా ఉంది. కొర్లమ్మ చేపలమ్ముకునే మనిషే గాని ఆమె ఇంట్లో చేప వాసన రావడానికి వీల్లేదు. రోజూ తెల్లవారకుండా గచ్చు కడుగుతుంది, వాకిలి అలుకుతుంది, సాయంత్రం సాంబ్రాణి వేస్తుంది. సంద్రం మీంచి ఎవరొచ్చినా సరే, మొగుడైనా సరే, పెరట్లో రెండు బిందెలు వేణ్ణీళ్ళు కుమ్మరించుకుని సబ్బు రుద్దుకుంటేగాని గడప దాటనివ్వదు. పాలెంలో ఆడవాళ్ళు ఆమెని చూసి ముక్కున వేలేసుకుంటారు, చాటుగా మెచ్చుకుంటారు కూడా. అలాంటి ఇంట్లో దానయ్యకి ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. గది మధ్యలో నిలబడి ఏదో మర్చిపోయినట్టు చూస్తాడు. అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటాడు. కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ వాకిలికీ తిరిగి, చివరికి పడవ తోసుకుని గట్టుకెళ్ళిపోతాడు. అక్కడ అరుగు మీద కూచుంటే ప్రాణం హాయిగా ఉందంటాడు. ఏ పనీ లేదు, నీటిగుంటల్లోకి చూస్తూ కూచోవడమే. పోటు వచ్చే వేళకి బలవంతాన తిరిగొస్తాడు. రాగానే కొర్లమ్మ వేణ్ణీళ్ళతో సిద్ధం. స్నానం అయ్యేసరికి మనిషి మళ్ళీ డీలా. పడమటి గాలి తోలిన రోజుల్లో మరీ కష్టంగా ఉండేది, వాంతి వచ్చేటట్టుందంటూ ఒడ్డున కూలబడిపోయేవాడు.

మందు వేడి చేసి ఉంటుందని కొర్లమ్మ మజ్జిగ తాగించింది. పైడమ్మ ఇవన్నీ పుస్తకంలో రాసుకుంది గాని దేనికీ దేనికీ లంకె దొరకలేదు. నాన్న బరువు పద్దెనిమిది రోజుల్లో ఆరు కిలోలు తగ్గిందని రాసినప్పుడు ఆమెకి భయం వేసింది.

అప్పుడు రెండో పరీక్ష పెట్టారు, ఈసారి నేలమీద. ఊరికి ఉత్తరాన రెండు మైళ్ళ దూరంలో సరుగుడు తోట ఉంది. దక్షిణపు గాలి వీస్తోంది. దానయ్యని గంతలతో జీపులో అక్కడికి తీసుకొచ్చి దింపారు. దక్షిణానికి తిరిగి నిలబడితే ఊరు సూటిగా ఎదురుగా ఉంటుంది, సముద్రం ఎడంపక్కన. ఇల్లు చూపించండి దానయ్యగారూ అంది డాక్టర్. దానయ్య తడుముకోలేదు. ఎడమచెయ్యి లేచి, ఊరి మీదికి కాకుండా, నీళ్ళమీదికి తిరిగి ఆగింది. డాక్టర్ దిక్సూచి పెట్టింది, తుడిచి మళ్ళీ పెట్టింది. ఆ చెయ్యి ఎక్కడికి చూపిస్తోందో పైడమ్మకి దిక్సూచి అక్కర్లేదు, చెట్ల సందులోంచి గట్టు కనబడుతూనే ఉంది.

"అయ్యా, అది గట్టయ్యా," అంది తండ్రితో.

"గట్టే గదే," అన్నాడు దానయ్య గంతలు ఊడదీసుకుంటూ. "మీరే గదా రాసిచ్చినారు, మూడు పొద్దులు గట్టు ఒదలొద్దని. ఒదల్లేదు మరి. మీ యమ్మ అంబలి గూడా కట్టిచ్చింది."

పైడమ్మకి అప్పుడర్థమైంది. డాక్టరుకి ఇంకా అర్థం కాలేదు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. మా ఊళ్ళో గట్టంటే ఇదేనండీ, ఒడ్డుని గట్టనరండీ అని చెప్పడానికి పైడమ్మకి చాలాసేపు పట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన మాట. తన చేత్తో రాసింది, తన నోటితో చదివింది. మూడేళ్ళు హాస్టల్లో ఉండి సొంత ఊరి మాట మర్చిపోయిందా అంటే అదీ కాదు. కాగితం మీదకెక్కేసరికి అది తన ఊరి మాట అనిపించలేదు, అంతే. సిగ్గుతో ఆమెకి తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

డాక్టర్ ఆ పూట ఏమీ తినలేదు. విరుగుడు లేదని ఆవిడకి తెలుసు. ఒక చోటు పట్టేసిన పిట్టలకి ఇంకో చోట రెండో మోతాదు వేసి చూశారు ఒకప్పుడు. ఏడు పిట్టలు. ఏడూ పాత చోటుకీ కొత్త చోటుకీ మధ్య తిరిగి తిరిగి, తిండి మాని, నీళ్ళమీద పడిపోయాయి. మనిషికి ఆ పని చెయ్యలేరు. పిట్టలకైతే పిల్లలు ఎగిరిపోగానే ఆ లాగుడు దానంతటదే సడలిపోతుంది, మళ్ళీ ఏడాదికి గాని రాదు. మనిషికి అలాంటి రుతువు లేదు. ఇది సడలదు. దానయ్యకి అదే ఇల్లిక.

పై అధికారితో ఫోనులో మాట్లాడితే ఆయన చల్లగా దారి చూపించాడు. సూచన స్పష్టంగానే ఉంది, మనిషి పాటించలేదు అని నివేదిక రాసెయ్యమన్నాడు. డాక్టర్ సరేననలేదు, కాదననూ లేదు. ఆ మాట పైడమ్మకి చెప్పినప్పుడు ఆవిడ గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. పైడమ్మకి మాత్రం ఒళ్ళు మండింది. మా నాన్న అక్షరం పొల్లుపోకుండా పాటించాడండీ అని మొహంమీదే అనేసింది.

జూన్ వచ్చేస్తోంది. జూన్ నడిమికి నైరుతి గాలి పెరిగితే గట్టు దగ్గరికి పడవ వెళ్ళదు, మూడు నెలలు. అప్పుడు దానయ్య గట్టు మీద చిక్కుకుంటే నీళ్ళులేక పోతాడు, ఒడ్డున ఉండిపోతే తిండీ నిద్రా లేక పోతాడు. పాలెంలో అందరికీ ఇది తెలిసిపోయింది. కట్టేసి ఉంచమని కొందరన్నారు. కొర్లమ్మ వాళ్ళని తిట్టి పంపేసింది గాని, లోపల ఆమెకీ వేరే దారి కనబడలేదు. ముప్పయ్యేళ్ళ కాపురం. ఈ మనిషికి ఇంట్లో ఉంటే కడుపులో తిప్పుతోందంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది. నేనేం తక్కువ చేసినానే అని కూతురి దగ్గర ఒకే ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు.

నెలాఖర్లో ఒకరోజు సముద్రం ముందుగానే లేచింది. మధ్యాన్నం గట్టు మీంచి వస్తూ ఒడ్డు దగ్గరి కెరటాల్లో దానయ్య పడవ బోల్తాపడింది. పడవని కుర్రాళ్ళు లాగారు, మనిషిని నలుగురు మోసుకొచ్చారు. నుదుటి మీద చిన్న దెబ్బ, వణుకు. కొర్లమ్మ వేణ్ణీళ్ళు పెట్టేలోపే వరండాలో ఒక మూల గోనెసంచుల మీద వాలిపోయాడు. అవి పైడమ్మవి, ప్రయోగశాలకి పంపడానికి గట్టు మీంచి గీకి తెచ్చిన రెట్టా నాచూ కట్టిన సంచులు. తల్లి ఇంట్లోకి రానివ్వనంటే వరండాలో పెట్టుకుంది. కొర్లమ్మ బిందె మోసుకొచ్చి భుజం తట్టింది. లేవలేదు. గురక పెడుతున్నాడు.

నిద్రపోవడం మానేసి నెల కావస్తున్న మనిషి ఆ సంచి మీద చెంప ఆన్చి, సాయంత్రం దాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. లేచి, ఆకలేస్తోందన్నాడు. పళ్ళెం నిండా తిన్నాడు.

పైడమ్మ పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి చూసుకుంటూ వచ్చింది. పడమటి గాలి రోజుల్లో నరకం. సముద్రపు గాలి రోజుల్లో కాస్త నయం. బోటులో పరీక్ష నాడు గాలి గట్టు మీంచే వాళ్ళకేసి వీచింది, తోటలో నాడు కూడా అంతే. రెండుసార్లూ నాన్న మొహం పైకెత్తి క్షణం ఆగాడు. వాసన చూశాడు. ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ ఆ వాసనని సబ్బుతో కడిగేసింది, కడిగిన ప్రతిసారీ మనిషి డీలా పడ్డాడు. అయస్కాంతమూ కాదు, దిక్కూ కాదు. ఒంటికి పట్టింది చోటు కాదు, చోటు వాసన.

పరుగున వెళ్ళి డాక్టరుకి చెబితే ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. పన్నెండేళ్ళుగా నమ్మిన అంచనా పోయింది. తర్వాత, నువ్వే రాయి పైడీ, ఇది నీదే అంది. నివేదికలో ఆ పొరపాటు వాక్యం మాత్రం నాది, నేను చెప్పిందే నువ్వు రాశావు, నా పేరుమీదే వెళ్తుంది, పై అధికారికి ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను అని కూడా అంది. రాసిన చెయ్యి నాదండీ అని పైడమ్మ పట్టుబట్టింది. చివరికి ఇద్దరి పేర్లూ రాశారు.

తల్లికి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. నాన్న ఇంట్లో ఉండాలంటే ఇల్లు గట్టులా వాసన కొట్టాలి అని ఎలా చెప్పడం, కొర్లమ్మకి? చుట్టూ తిప్పి తిప్పి చెప్పింది. వింటున్నంతసేపూ కొర్లమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"ఏటే, పిట్టల రెట్టతో ఇల్లలకమంటావా నన్ను?" అంది చివరికి.

పైడమ్మ తలొంచుకుంది. వారంలో గాలి పెరుగుతుందని మాత్రం చెప్పింది. కొర్లమ్మ చేట పక్కన పెట్టి లేచి, ఇల్లంతా ఒకసారి కలయతిరిగింది. అద్దంలా తోమిన గచ్చు, సున్నం వేసిన గోడలు, బోర్లించిన ఇత్తడి బిందెలు. సాంబ్రాణి డబ్బా మూత తీసి వాసన చూసి, మూత బిగించి, అటక మీద పెట్టేసింది. రేపు ఆటు ఎన్నింటికని అడిగింది.

మర్నాడు తల్లీ కూతుళ్ళు గట్టుకి వెళ్ళారు. కొర్లమ్మ ముప్పయ్యేళ్ళుగా దాన్ని రోజూ చూస్తోంది గాని కాలుపెట్టడం అదే మొదలు. అరుగు మీద దిగి, నీటిగుంటల్లోకి వంగి చూసింది. పువ్వులాంటిది వేలు తగలగానే ముడుచుకుంటే, ఓలమ్మా అని వేలు లాక్కుంది. పిట్టలు నెత్తిమీద గంపని టకటకా పొడుస్తుంటే, ఉండండి మీ పిల్లల జోలికి నేనెందుకొస్తాను, మీ అశుద్దం కోసమొచ్చినాను అని వాటితో తగువాడింది. గూళ్ళ జోలికి పోకుండా కిందికి కారి గడ్డకట్టిన రెట్ట గీకి, నాచు పీకి, గుంటల్లో బురద తోడి, ఎనిమిది గంపలు నింపారు. వారంలో ఆటు దొరికినప్పుడల్లా తెచ్చారు. మొత్తం నలభై పైచిలుకు. పెరట్లో గాబుల్లో వేసి మూతలు పెట్టారు, మూడు నెలలకి సరిపడా.

కొర్లమ్మ పేడ కలిపినట్టే కలిపింది. మోకాళ్ళమీద కూచుని, గది మూల నుంచి మొదలుపెట్టి, అర్ధచంద్రాలుగా చెయ్యి తిప్పుతూ గచ్చంతా అలికింది. గోడలకి నడుం ఎత్తు వరకూ పూసింది. గడపకి రాసి, దానిమీద అలవాటు చొప్పున పసుపూ కుంకుమా బొట్లు పెట్టింది. పూర్తయ్యేసరికి పక్కింటివాళ్ళు ముక్కులు మూసుకుని వీధిలోకొచ్చేశారు. వీధి వీధంతా ఇల్లు పీకి పందిరేసింది. కొర్లమ్మ మోచేతుల దాకా రెట్టతో గుమ్మంలో నిలబడి, మీ మగోళ్ళు ఇంటికొస్తన్నారు గదా, మీకేటి, పొండి అంది. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. వాళ్ళలో ఒకామె, మంచులో పోయిన ముత్యాలు పెళ్ళాం. ఆవిడ లోపలికొచ్చి, కొంగు నడుముకి చుట్టుకుని, మిగిలిన గోడ తను అలికింది.

సాయంత్రం దానయ్య వచ్చాడు. పెరట్లో బిందెలు లేవు. అతను అలవాటుగా పెరటివైపు వెళ్ళబోతే కొర్లమ్మ వద్దంది, తిన్నగా లోపలికే రమ్మంది. గడప దగ్గర ఆగి మొహం పైకెత్తాడు. అతను లోపలికొచ్చి, గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. పెళ్ళాం వైపు చూసి, చూసి, ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. పెద్ద పనైపోయినట్టు, ఎంత కంపు కొడతన్నామో సూడు ఇద్దరం అంది.

మర్నాడు తెల్లవారింది. బయట నైరుతి గాలి మొదలైంది, సముద్రం హోరున లేస్తోంది, గట్టు చుట్టూ తెల్లటి నురగ తప్ప ఏమీ కనబడటం లేదు. పైడమ్మ గుమ్మంలో కూచుని నివేదిక తిరగరాస్తోంది. కొత్త సూచనల కాగితంలో మొదటి వరసలో ఒక ప్రశ్న చేర్చింది. మీరుండే చోటుని మీ ఊళ్ళో ఏ మాటతో పిలుస్తారు? జవాబు రాయడానికి ఖాళీ వదిలింది. కొర్లమ్మ అంబలి గిన్నె తెచ్చి మొగుడి పక్కన పెట్టి కూర్చుంది. దానయ్య ఎనిమిది గంటలు కదలకుండా నిద్రపోయాడు. మొహం ప్రశాంతంగా ఉంది. కొర్లమ్మ ఆ మొహాన్నే చూస్తూ, ఎన్నాళ్ళకి ఇంటికొచ్చినాడే అంది సంతోషంగా.

గిన్నె చప్పుడుకి దానయ్య కదిలాడు. కళ్ళు పూర్తిగా తెరవకుండానే చెయ్యి చాచి అలికిన నేలని తడిమాడు. పక్కన కూచున్న భార్యని, గుమ్మంలో ఉన్న కూతుర్ని మసక మసగ్గా చూశాడు. అతని మొహంలో ఆశ్చర్యం, వెంటనే కంగారు.

"మీరిద్దరూ ఎప్పుడొచ్చినారే?" అన్నాడు. "ఇంత పోటులో గట్టు మీదికి ఎలాగొచ్చినారు?"

పైడమ్మ చేతిలో కలం ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. కొర్లమ్మ మొహంలో వెలుగు ఒక్కసారి ఆరి, మళ్ళీ మామూలుగా అయింది. పైట చెంగుతో అతని నుదురు తుడిచింది.

"ఆటు సూసుకునే వచ్చినాం," అంది. "లే, మొకం కడుక్కో. అంబలి సల్లారిపోతంది."